జన్యు సలహాదారుల చదువు – దాని పుట్టుక

తల్లిదండ్రులిద్దరును ఆరోగ్యవంతులే. మొదటి బిడ్డకు మాత్రము తలసీమియా యను రక్తవ్యాధి యున్నది. తల్లి యడుగు ప్రశ్న యొక్కటే: "రెండవ బిడ్డ సంగతి యేమి?" వ్యాధికి మూలమైన జన్యువు ఇద్దరిలోను ఒక్కొక్కటి దాగియుండుటచే, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. ఒకరికి వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి భయము లేదని పలువురు పొరపడుదురు. తరగతిలో రెండు నాణెములను పలుమారు ఎగురవేయించినచో ఈ పొరపాటు తొలగును. రెండును బొమ్మ పడిన పిమ్మట కూడ, మరుసటిసారి అదే అవకాశము నిలిచియుండును. కాని ఆ తల్లికి నాణెముల లెక్క చాలునా? దుఃఖములో నున్నవారికి ఈ లెక్కను బోధపరచుట వేరొక విద్య.

1947లో షెల్డన్ రీడ్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున డైట్ మానవ జన్యుశాస్త్ర సంస్థకు అధిపతి యయ్యెను. ఆ సంస్థకు ధనమిచ్చిన చార్లెస్ డైట్ ఒక వైద్యుడు. ఎవరు బిడ్డలను కనదగుదురో ప్రభుత్వమే తేల్చవలెనను యూజెనిక్స్ వాదమునకు ఆయన గట్టి ప్రచారకుడు. కొందరికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయనిచ్చు చట్టము కొరకు పాటుపడెను. 1925లో అది ఆ రాష్ట్రమున అమలులోకి వచ్చినది. అట్టి ధనముతో వెలసిన చోటనే రీడ్ 'జన్యు సలహా' అను మాటను పుట్టించుట చరిత్రలోని విచిత్రము. ఈ సలహా కుటుంబము మేలు కొరకే గాని రాజ్యము కొరకు కాదనియు, ఇది ఒక విధమగు సంఘసేవ యనియు ఆయన తలంపు.

తరువాత శాస్త్రము వడివడిగా సాగినది. మానవ కణములో క్రోమోసోములు 46 అని 1956లో తేలినది. డౌన్ లక్షణము గలవారిలో ఒక క్రోమోసోము అదనముగా నుండునని 1959లో ప్రకటింపబడినది. 1960 దశకములో గర్భస్థ శిశువు చుట్టునుండు నీటిలోని కణములను పరీక్షింప గలిగిరి. ప్రశ్నలు పెరిగినవి, కూర్చుండి జవాబు చెప్పుటకు వైద్యులకు తీరిక లేదు.

ఈ లోటును తీర్చినది పెద్ద వైద్య కళాశాల కాదు. న్యూయార్కు సమీపమున, 1968 వరకు స్త్రీలకే పరిమితమైన సారా లారెన్స్ కళాశాల! అచట మెలిస్సా రిక్టర్ అను విదుషీమణి 1969లో ఈ విషయమున మాస్టర్స్ పట్టా చదువును ప్రారంభించెను. బిడ్డలను పెంచి, మరల చదువునకు వచ్చిన స్త్రీలు ఆమె దృష్టిలో ముఖ్యముగా నుండిరి. 1971లో తొలి జట్టు పట్టములందుకొన్నది. 1972 నుండి 1998 వరకు దానిని నడిపిన జోన్ మార్క్స్ సంఘసేవా విద్యలో శిక్షణ పొందినది. జన్యుశాస్త్రముతో సరిసమానముగా మనస్తత్త్వ శాస్త్రమును పాఠ్యక్రమములో నిలిపినది ఆమెయే. నా అభిప్రాయములో ఈ వృత్తికి రూపు వచ్చినది ఇచటనే.

1979లో అమెరికాలో సలహాదారుల జాతీయ సంఘ మేర్పడినది. నేడు ఉత్తర అమెరికాలో ఇట్టి చదువులు యాభైకి పైగా నున్నవి, సాధారణముగా రెండేండ్లు. వంశవృక్షమును గీయుట, అవకాశములను లెక్కించుట, ఆసుపత్రులలో పెద్దల పర్యవేక్షణలో కుటుంబములతో మాటాడుట నేర్పుదురు. నిర్ణయము తల్లిదండ్రులదే, సలహాదారు దారి చూపరాదు అనునది తొలినాటి నుండి వచ్చిన నియమము. యూజెనిక్స్ నాటి చేదు అనుభవమే దీనికి బలమిచ్చినది. అయినను "మీరే నా చోట నున్నచో ఏమి చేసెదరు?" అని అడిగినవారి యెదుట మౌనము వహించుట ఎంతవరకు న్యాయమని ఆ తరగతులలో నేటికిని వాదములు జరుగుచునే యున్నవి.