ఎముకల్లోంచి లాగేశాడు!

భూమికి ఎంతో ఎత్తున, చీకట్లో తిరుగుతోంది అవలాన్. అంతరిక్షంలో మాగ్నెటో కోట అది.

కింద లోకం తలకిందులైంది. అతను వదిలిన విద్యుదయస్కాంత తరంగం భూగోళం మొత్తాన్ని చుట్టేసింది. దీపాలు ఆరిపోయాయి. యంత్రాలు చచ్చుబడ్డాయి. ఆ పని చేసినవాణ్ణి ఆపడానికి ఎక్స్‌మెన్ అనే వీరుల జట్టు కోటలోకి చొరబడింది. కవచం ఆసరాతో కాళ్ల మీద నిలబడ్డ ప్రొఫెసర్ జేవియర్, జీన్ గ్రే, గాంబిట్, రోగ్, మాగ్నెటో కొడుకే అయిన క్విక్‌సిల్వర్. వాళ్లలో ఒక పొట్టివాడు.

స్నిక్ట్!

పొట్టివాడి పిడికిళ్లలోంచి గోళ్లు దూసుకొచ్చాయి. ఒక్క దూకు. మాగ్నెటో ఒళ్లు చీరుకుపోయింది. ఎర్రటి దుస్తుల మీద అంతకంటే ఎర్రగా నెత్తురు. మాగ్నెటో గాయం వైపు చూసుకున్నాడు. తర్వాత ఆ గోళ్ల వైపు చూశాడు. అతని చూపు అక్కడితో ఆగలేదు. చర్మం కింద, కండరాల కింద ఎముకలన్నిటికీ పట్టి ఉన్న లోహం మీద పడింది.

పిలిస్తే ఇనుము పలికేవాడి ముందుకి ఒంటి నిండా లోహం మోసుకుంటూ వెళ్లాడు వుల్వరిన్.

మాగ్నెటో చెయ్యెత్తాడు.

* * *

ఆ లోహం పేరు అడమాంటియం. దాని పుట్టుక 1969లో. మార్వెల్ కామిక్స్ 'అవెంజర్స్' 66వ సంచిక. రాసింది రాయ్ థామస్. బొమ్మలు గీసింది బారీ స్మిత్ అనే ఇంగ్లండ్ కుర్రాడు.

ఆకాశంలో తేలే హెలికారియర్ మీద ప్రదర్శన పెట్టారు. మధ్యలో ఒక లోహపు స్తంభం. చుట్టూ అవెంజర్స్ అనే వీరుల దళం. థోర్ సుత్తి ఎత్తాడు. కొండల్ని పిండి చేసే సుత్తి అది. కొట్టాడు. స్తంభం పగల్లేదు. అందరూ సంబరపడ్డారు. ఇంత గట్టిది మన చేతిలో ఉంటే ఇక భయమేముంది?

ఆ సంబరం సంచిక పూర్తయ్యేదాకా కూడా నిలవలేదు. లోహం దొంగ చేతిలో పడింది. ఆ దొంగ అల్ట్రాన్ అనే యంత్రం. మనుషులంటే పడదు దానికి. అదే లోహంతో కొత్త ఒళ్లు పోతపోసుకుని లేచి నిలబడింది. ఇప్పుడు దాన్ని కొట్టేదెవరు? ఏం పెట్టి కొట్టాలి?

కథ చెప్పేవాళ్లు లోహానికి వంటకం లాంటి లెక్క కూడా రాసిపెట్టారు. కొన్ని రసాయనాల గడ్డల్ని కలిపి కరిగించాలి. వేడి 1500 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలపాలి. ఎనిమిది నిమిషాలు. కత్తి కావాలన్నా, కవచం కావాలన్నా ఆ ఎనిమిది నిమిషాల్లోనే అయిపోవాలి. చల్లారిందా, ఆ రూపం ఇక శాశ్వతం. అణువుల అమరిక మార్చే ప్రత్యేక యంత్రం ఉంటే తప్ప మళ్లీ దారికి రాదు.

అవెంజర్స్ ఎన్ని విధాల కొట్టినా అల్ట్రాన్ ఒంటి మీద గీత పడలేదు. చివరికి ఒంటిని వదిలేశారు. దాని బుర్ర మీద దెబ్బకొట్టారు. అల్ట్రాన్ తనను తానే నాశనం చేసుకుంది.

లోహాన్ని ఓడించలేం. మోసేవాణ్ణి ఓడించొచ్చు. ఈ కిటుకు తొలి కథలోనే బయటపడింది. దానికి బలయ్యే మనిషి మాత్రం ఇంకా పుట్టలేదు.

* * *

1974. మార్వెల్ సంపాదకుడిగా ఉన్న రాయ్ థామస్‌కి కెనడా హీరో ఒకడు కావాలి. పేరు వుల్వరిన్. ఒళ్లు పొట్టి, కోపం జాస్తి. రాసే పని లెన్ వీన్‌కి వెళ్లింది. రూపం గీసే పని జాన్ రొమిటా బల్ల మీదికి వచ్చింది.

రొమిటాకి ఆ జంతువు ఎలా ఉంటుందో తెలీదు. ఆడ తోడేలేమో అనుకున్నాడు. పుస్తకం తీసి చూశాడు. చిన్న మృగం. గోళ్లు మాత్రం భయంకరం. సరే, మనిషికీ గోళ్లు పెట్టేశాడు. అంతలో చిక్కొచ్చింది. ఇంతింత గోళ్లతో ముక్కు గోక్కునేదెలా? బూట్ల లేసులు కట్టుకునేదెలా? అందుకే గోళ్లు లోపలికి పోయేలా గీశాడు.

'హల్క్' 180వ సంచిక ఆఖరి పేజీలో పసుపు దుస్తుల్లో ఊడిపడ్డాడు వుల్వరిన్. తర్వాతి సంచికలో కెనడా అడవుల్లో పచ్చటి మహాకాయుడు హల్క్‌తో కలబడ్డాడు. అడమాంటియం గోళ్లు. అప్పటికి అవి చేతి తొడుగులకు బిగించినవేనన్నది లెన్ వీన్ లెక్క. తొడుగు తీస్తే గోళ్లూ ఉండవు.

రెండేళ్లు గడిచాయి. ఈలోగా వుల్వరిన్ ఎక్స్‌మెన్ జట్టులో చేరాడు. 'ఎక్స్‌మెన్' 98వ సంచిక. ఇప్పుడు రాసేది క్రిస్ క్లేర్‌మాంట్, గీసేది డేవ్ కాక్రమ్. శత్రువులు వుల్వరిన్‌ని పట్టి కట్టేశారు. ఒంటి మీద తొడుగుల్లేవు. అయినా గోళ్లు బయటికొచ్చాయి, ఉత్త చేతుల్లోంచి, తోలు చీల్చుకుని. పక్కనున్న తోటివాళ్లే బిత్తరపోయారు. ఆయుధం అనుకున్నది అవయవమైపోయింది.

గోళ్లొక్కటే కాదు, అస్థిపంజరమంతా అడమాంటియమేనని తేలింది. మరి ఆ లోహాన్ని అతని ఒంట్లో పోసిందెవరు? ఆ పోతని బతికుండగా ఎలా తట్టుకున్నాడు? జవాబు కోసం పాఠకులు 1991 దాకా ఎదురుచూశారు. జవాబు చెప్పింది మళ్లీ ఆ ఇంగ్లండ్ చిత్రకారుడే. ఇప్పుడతని పేరు బారీ విండ్సర్-స్మిత్. 'వెపన్ ఎక్స్' అని పేరు పెట్టి, రాసి, గీశాడు.

నీళ్ల తొట్టి. అందులో నగ్నంగా తేలుతున్న మనిషి. ఒళ్లంతా గొట్టాలు, తీగలు, సూదులు. అద్దం అవతల తెల్లకోట్లు. తెరల మీద అంకెలు చూసుకుంటూ, మామూలు ఆఫీసు పని చేసుకుంటున్నట్టే మాట్లాడుకుంటున్నారు. గొట్టాల్లోంచి కరిగిన లోహం దిగుతోంది. ఆ మనిషికి ఎంత గాయమైనా తనంతట తానే మానిపోయే గుణం ఉంది. అందుకే చావలేదు. చావలేదు కాబట్టే వాళ్లూ ఆపలేదు.

అంత నరకంతో ఎక్కించిన లోహాన్ని ఇక ఎవరు తీయగలరు?

* * *

తీసే ఆలోచన కూడా పుట్టింది. రచయితల సమావేశంలో. అదీ ఎగతాళిగా.

ఆ రోజుల్లో మార్వెల్ ఒకవైపు డబ్బు లెక్కపెట్టుకుంటూ, మరోవైపు గుండెలు బాదుకుంటోంది. 1991లో వచ్చిన కొత్త 'ఎక్స్‌మెన్' మొదటి సంచిక 80 లక్షల ప్రతులు దాటి గిన్నిస్ రికార్డు కొట్టింది. ఏడాది తిరక్కుండానే ఆ బొమ్మలు గీసిన జిమ్ లీ బయటికి నడిచాడు. టాడ్ మెక్‌ఫార్లేన్, రాబ్ లీఫెల్డ్ కూడా. వెళ్లినవాళ్లంతా కలిసి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. 1992 నవంబరులో పోటీ కంపెనీ డీసీ ఏకంగా సూపర్‌మేన్‌నే చంపేసింది. షాపుల ముందు జనం బారులు తీరారు.

1993 వస్తోంది. ఎక్స్‌మెన్‌కి 30 ఏళ్లు. ఏదో ఒకటి చేసి తీరాలి.

'ఫేటల్ అట్రాక్షన్స్' అని ఆరు సంచికల కథ అనుకున్నారు. ప్రతి అట్ట మీదా మెరిసే హోలోగ్రామ్. మాగ్నెటో తిరిగొస్తాడు. వుల్వరిన్‌తో తలపడతాడు. ఇక్కడే బండి ఆగింది. వుల్వరిన్ ఒళ్లంతా లోహం. మాగ్నెటో లోహానికి యజమాని. వీళ్లిద్దరికీ పోరేంటి?

'ఎక్స్-ఫ్యాక్టర్' అనే కామిక్ రాస్తున్న పీటర్ డేవిడ్ ఆ గదిలోనే ఉన్నాడు. పీటర్‌ది చురుకు నాలుక. మాగ్నెటో ఆ అస్థిపంజరాన్ని లాగి పారేస్తే గొడవ వదులుతుంది కదా, అని ఓ చెణుకు విసిరాడు.

పీటర్ నవ్వులాటకే అన్నాడు. మిగతావాళ్లు నవ్వి ఊరుకోలేదు.

దాదాపు పాతికేళ్లుగా థోర్ సుత్తికి లొంగనిది, హల్క్ పిడికిలికి వంగనిది, అల్ట్రాన్‌ని అజేయుణ్ణి చేసినది, తెల్లకోట్ల ప్రయోగశాలలో చుక్కచుక్కగా ఒక మనిషి ఎముకల్లోకి ఇంకి అతనికో పేరునీ, కంపెనీకి కోట్ల వ్యాపారాన్నీ తెచ్చిపెట్టిన ఆ లోహం, సమావేశంలో సరదాకి విసిరిన ఒక్క మాట దగ్గర ఓడిపోయింది.

పని ఫేబియన్ నిసియేజా చేతికి వెళ్లింది. బొమ్మలు ఆండీ క్యూబర్ట్‌వి. 'ఎక్స్‌మెన్' 25వ సంచిక, అక్టోబరు 1993.

* * *

అవలాన్. మాగ్నెటో చెయ్యి గాల్లోనే ఉంది.

వుల్వరిన్ ఒళ్లు బిగుసుకుపోయింది. కాళ్లు నేల వదిలాయి. ముందు వేళ్ల దగ్గర చర్మం ఉబ్బింది. తర్వాత ఒళ్లంతా. దారి లేని చోట దారి చేసుకుంటూ లోహం బయటికొచ్చింది, కళ్లలోంచి, నోట్లోంచి, చర్మం మీది ప్రతి రంధ్రంలోంచి, సన్నటి వెండి ధారలుగా చీలి, నెత్తురుతో కలిసి, ఏళ్ల తరబడి అంటిపెట్టుకున్న ఎముకని వదల్లేక వదిలేస్తూ, చూస్తున్న స్నేహితుల ముఖాల ఎదుటే గాల్లోకి చిమ్మింది.

జీన్ గ్రే అరిచింది. ఫలితం లేదు.

జేవియర్ కదిలాడు. మాగ్నెటో అతనికి ఒకప్పటి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఎన్నోసార్లు కొట్టుకున్నారు, కానీ ఈ గీత మాత్రం జేవియర్ ఎప్పుడూ దాటలేదు. ఈసారి దాటాడు. తన మనసుతో స్నేహితుడి మనసులోకి దూరి, దీపం ఆర్పినట్టు ఆర్పేశాడు. మాగ్నెటో కుప్పకూలాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

అక్కడ ఒకడి ఒళ్లు ఖాళీ. మరొకడి బుర్ర ఖాళీ. ఇక ఇల్లు చేరాలి. కానీ విమానం భూమిదాకా నిలుస్తుందా?

* * *

'వుల్వరిన్' 75వ సంచిక. రాసింది లారీ హామా. గీసింది ఆండీ అన్న ఆడమ్ క్యూబర్ట్.

ఎక్స్‌మెన్ విమానం వాతావరణంలోకి దిగుతోంది. లోహపు రేకులు కొలిమిలా కాలుతున్నాయి. లోపల వుల్వరిన్ ప్రాణం కొట్టుమిట్టాడుతోంది. ఎంత గాయాన్నయినా మాన్పే గుణం చేతులెత్తేసింది. అతని మనసు చావు వైపు జారిపోతోంది.

సరిగ్గా అప్పుడే విమానం తలుపు తెగింది. గాలి జీన్‌ని బయటికి ఈడ్చేస్తోంది.

పడుకున్నవాడి చెయ్యి కదిలింది. చచ్చిపోవడం మాని ఆమెని పట్టుకున్నాడు.

కొన్నాళ్లకి లేచి నడిచాడు. డేంజర్ రూమ్ అనే ఎక్స్‌మెన్ సాధనశాలలో కసరత్తు మొదలెట్టాడు. గోళ్లు లోహంతో పాటే పోయాయని అందరూ అనుకున్నారు. అతనూ అదే అనుకున్నాడు. కసితో పిడికిలి బిగించాడు.

స్నిక్ట్ అనలేదు. చర్మం చిట్లింది. నెత్తురు కారింది. బయటికొచ్చినవి వంకర టింకరగా, గరుగ్గా ఉన్నాయి.

ఎముక గోళ్లు!

అంటే తెల్లకోట్లు ఇచ్చినవి కావవి. పుట్టుకతోనే ఉన్నాయి. 19 ఏళ్లుగా ఈ మనిషి గురించి పాఠకులకి తెలుసనుకున్నదంతా ఒక్క బొమ్మతో తిరగబడింది. ఆ రాత్రే జట్టులోని చిన్నమ్మాయి జూబిలీకి ఉత్తరం రాసిపెట్టి ఇల్లు వదిలాడు వుల్వరిన్.

* * *

అతణ్ణి చంపడానికి లేడీ డెత్‌స్ట్రైక్ వచ్చింది. ఎముకలకి లోహం పట్టించే విద్య ఆమె తండ్రిది. దాన్ని దొంగిలించారన్నదే ఆమె పగ. తీరా వచ్చి చూస్తే ఆ ఒంట్లో లోహమే లేదు. పగ తీర్చుకోవడానికి ఏమీ మిగల్లేదని వెనుదిరిగింది.

1996లో, 100వ సంచికలో, జెనెసిస్ అనేవాడు లోహాన్ని మళ్లీ ఎక్కించబోయాడు. వుల్వరిన్ ఒళ్లే దాన్ని బయటికి కక్కేసింది. మిగిలింది మనిషితనం సగం పోయిన మృగం. ఆ ఏడాది డిసెంబరులోనే మార్వెల్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. లోహం పోయినవాడు మాత్రం నెలనెలా వస్తూనే ఉన్నాడు. ఇప్పుడతనికి దెబ్బ తగిలితే ఎముక విరగొచ్చు. పేజీ తిప్పే చేతికి ఆ సంగతి తెలుసు.

1999. అపోకలిప్స్ అనే పురాతన రాక్షసుడికి నలుగురు రౌతులు కావాలి. వాళ్లలో మృత్యువు అనే పదవి ఖాళీగా ఉంది. దానికి ఇద్దరు పోటీ: వుల్వరిన్, అతని ఆజన్మ శత్రువు శాబర్‌టూత్. అప్పటికి శాబర్‌టూత్ ఒంట్లోనూ అడమాంటియం ఉంది. ఇద్దర్నీ కొట్టుకోమన్నాడు. వుల్వరిన్ గెలిచాడు.

గెలిచినవాడికి బహుమతిగా ఆరేళ్ల కిందట పోయిన లోహం తిరిగొచ్చింది. ఎక్కడినుంచో తెచ్చింది కాదు. పక్కనే ఓడి పడున్న శాబర్‌టూత్ ఎముకల్లోంచి తీసింది.