మారిన కారుకు వెల కట్టుట

పాత కారును అమ్మదలచినవారికి తొలి చిక్కు, ధర ఎంత చెప్పవలెనన్నది. కారు తయారైన నాటి రూపములోనే ఉన్నచో పని సులభము. అటువంటివి ఇటీవల ఎంతకు అమ్ముడుపోయినవో విచారించి, దాని స్థితిని బట్టి కొంత పెంచియో తగ్గించియో చెప్పవచ్చును. కాని మధ్యలో ఒకరు ఇంజను మార్చినారు. మరొకరు పైకట్టు తీసి వేరొకటి కట్టించినారు. అప్పుడు మనము వెల కట్టుచున్నది దేనికి? పాత ఇనుముకా, కొత్త పనితనమునకా, లేక పేరునకా? ఈ ప్రశ్న 1990లో ఇంగ్లండున న్యాయస్థానము వరకు వెళ్ళినది.

వివాదమునకు కారణమైనది ఒక బెంట్లీ కారు. ‘స్పీడ్ సిక్స్’ తరగతికి చెందిన ఆ కారుకు ఆరు సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజను. ఫ్రాన్సులోని లె మాన్‌లో ఇరువది నాలుగు గంటలు సాగు పందెమును అది 1929లోను, 1930లోను వరుసగా గెలిచినది. మొదటిసారి వూల్ఫ్ బార్నాటో, టిమ్ బిర్కిన్ నడిపినారు. రెండవసారి బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ నడిపినారు. ‘ఓల్డ్ నంబర్ వన్’ అను పేరు దానికి స్థిరపడినది.

పందెపు కారు బీరువాలో దాచుకొను బొమ్మ కాదు. విరిగిన భాగమును తీయుదురు, బలమైనదానిని బిగింతురు. 1932 నాటికి దాని చట్రము మారినది. ఎనిమిది లీటర్ల ఇంజను వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో బ్రూక్‌లాండ్స్ పందెములో కారు గట్టు దాటి పడగా, నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించినాడు. అటుపిమ్మట ఆ కారునే బార్నాటో, రోడ్డుపై తిరుగుటకు వీలుగా, పైకప్పు గల బండిగా కట్టించినాడు. తరువాతి కాలములో మరల మార్పులు జరిగినవి.

1990లో దాని యజమాని, కొంత రొక్కముగాను కొంత కార్ల రూపముగాను, మొత్తము కోటి పౌనులకు అమ్ముటకు ఒప్పందము చేసికొన్నాడు. కొనువారు వెనుదీసినారు. ఇది అసలు ‘ఓల్డ్ నంబర్ వన్’ కానే కాదని వారి వాదము. న్యాయమూర్తి ఆటన్ కారులోని అంగములను ఒక్కొక్కటిగా పరిశీలింపజేసినారు. 1929 నాటిదని చెప్పదగినది దాదాపు ఏమియు మిగులలేదు. 1930 నాటివి గేరు పెట్టె తొడుగు, స్టీరింగు స్తంభము వంటి కొన్ని మాత్రమే. అయినను తీర్పు యజమానికే అనుకూలముగా వచ్చినది. తొలినాటి అంగములు లేకున్నను కారు నిజమైనదే. దాని చరిత్ర ఎక్కడను తెగలేదు. ఆ పేరును న్యాయముగా కోరదగిన బెంట్లీ మరొకటి లేదు. కనుక ఒప్పందము చెల్లును అని ఆయన నిర్ణయించినారు.

ఈ తీర్పు మనకు వింతగా తోచనక్కరలేదు. మన ఊరి దేవుని రథమునకు చక్రములు మారును, ఇరుసు మారును, కొయ్య పుచ్చినచోట కొత్తకొయ్య చేరును. అయినను అది స్వామి రథమే. ఏటేట తిరునాళ్ళలో కదలిన రథము అదే గనుక దానిని ఎవరును వేరొకటి అనరు.

దీనినుండి ధర చెప్పువారు గ్రహింపదగినవి మూడు కలవు. మొదటిది, మార్పుకైన ఖర్చును ధరలో యథాతథముగా కలుపరాదు. లక్ష పెట్టి బిగించిన ఇంజను అమ్మువాని ముచ్చట. కొనువానికి అది తీసివేయవలసిన భారము కావచ్చును. రెండవది, మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేసినారో కాగితములు చూపగలిగినచో ధర నిలుచును. తీసిన భాగములను దాచి కారుతో ఇచ్చినచో ఇంకను నిలుచును. మూడవది, మార్పును దాచి చెప్పిన ధర ఎంత తక్కువయైనను న్యాయమైన ధర కాదు.

మన దేశమునందు ఇంకొక లెక్క కూడ వేయవలెను. 2021 జులైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను జరిగి ఏబది యేండ్లు దాటి, తొలిరూపము చెడని వాహనములకే ‘వింటేజ్’ గుర్తింపు లభించును. చట్రమును గాని, పైకట్టును గాని, ఇంజనును గాని గణనీయముగా మార్చిన బండికి ఆ గౌరవము దక్కదు. లండను న్యాయస్థానము మన్నించిన మార్పును మన రిజిస్ట్రేషను కార్యాలయము మన్నింపకపోవచ్చును. ఆ నష్టమును మొదటనే ధరలో తగ్గించి చెప్పుట మర్యాద.

లె మాన్ గెలిచిన కారు అందరి ఇంట ఉండదు. తాతగారి నాటి అంబాసిడరో, ఫియట్టో కొందరి ఇండ్ల వసారాలలో ఇప్పటికిని ఉన్నది. దానిని బేరమునకు పెట్టుటకు ముందు తుడువవలసినది దుమ్ము మాత్రమే కాదు. పెట్టెలోని పాత రసీదులను కూడ వెదకి, తేదీల వరుసన పేర్చవలెను. కారు విలువలో కొంత భాగము ఆ కాగితములలోనే ఉన్నది.