క్యాండిల్‌స్టిక్ చార్టు
షేరు, సరుకు లేదా కరెన్సీ ధర నిర్ణీత కాలంలో ఎలా కదిలిందో కొవ్వొత్తి ఆకారపు గుర్తులతో చూపే పటం క్యాండిల్‌స్టిక్ చార్టు. దీని మూలాలు జపాన్ బియ్యం వ్యాపారంలో ఉన్నాయి. ఒసాకాలోని దోజిమా బియ్యం మార్కెట్‌కు 1730లో తోకుగావా ప్రభుత్వం అనుమతినిచ్చింది. సకాటా పట్టణ వర్తకుడు హోమ్మా మునెహిసా (1724–1803) ఈ పద్ధతికి ఆద్యుడని సంప్రదాయం చెబుతుంది. నేటి రూపం మెయిజీ కాలంలో (1868–1912) స్థిరపడిందన్న వాదనే బలమైనది. ఈ చార్టులపై స్టీవ్ నిసన్ 1991లో వెలువరించిన పుస్తకంతో ఈ పద్ధతి పాశ్చాత్య మార్కెట్లలో ప్రాచుర్యం పొందింది.

ఒక్కో క్యాండిల్‌లో ప్రారంభ, గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరలు ఇమిడి ఉంటాయి. ప్రారంభ, ముగింపు ధరల మధ్య భాగం బాడీ. పైకీ కిందికీ సాగే సన్నని గీతలు విక్‌లు. రూ.100 వద్ద మొదలై, రూ.97కు పడి, రూ.110కి ఎగసి, రూ.108 వద్ద ముగిసిన షేరుకు బాడీ 8, పై విక్ 2, కింది విక్ 3 రూపాయల ఎత్తు. భారతీయ చార్టుల్లో సాధారణంగా పెరుగుదలకు ఆకుపచ్చ, తగ్గుదలకు ఎరుపు వాడతారు. జపాన్‌లో పెరుగుదలకే ఎరుపు.

ప్రారంభ, ముగింపు ధరలు దాదాపు ఒకటైతే ఆ క్యాండిల్‌ను దోజీ అంటారు. పతనం చివర చిన్న బాడీ, దానికి కనీసం రెట్టింపు పొడవున్న కింది విక్ కనిపిస్తే హ్యామర్: అమ్మకాల ఒత్తిడికి కొనుగోలుదారులు ఎదురునిలిచారని సూచన. తర్వాతి క్యాండిల్ బలపరచనిదే దీనికి విలువ తక్కువ. గరిష్ఠం ముందో కనిష్ఠం ముందో రోజువారీ క్యాండిల్ చెప్పదు. అందుకు 5 లేదా 15 నిమిషాల చార్టు చూడాలి.