ఈల వేసేవారికీ కసరత్తు కావాలి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితంలో తెలుసుకొన్న విషయమేదైనా వ్రాయమని మిత్రులు కోరారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన నాకు ఈల కంటే దగ్గరి విషయం ఏముంటుంది? ఫుట్‌బాల్ రిఫరీలు, వారికి తోడుగా గీత వెంట పరుగెత్తే లైన్స్‌మన్లు ఆటకు ముందు ఒళ్ళు సిద్ధం చేసుకొనే అలవాటు ఎలా వచ్చిందో, అది మన పల్లెల దాకా ఎందుకు రావాలో మనవి చేస్తాను.

మొదట్లో రిఫరీ పరుగెత్తే మనిషి కాదు. 1863లో ఇంగ్లండులో ఫుట్‌బాల్ నియమాలు వ్రాసుకొన్నప్పుడు వాటిలో రిఫరీ ఊసే లేదు. తగవు వస్తే ఇరు జట్ల నాయకులే తేల్చుకొనేవారు. తరువాత జట్టుకొకరుగా అంపైర్లు వచ్చారు. వారిద్దరికీ పొసగనప్పుడు తీర్పు చెప్పడానికి మైదానం వెలుపల ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయనే రిఫరీ. 1891లో ఆయనను మైదానం లోపలికి తెచ్చి, అంపైర్లను గీత మీదికి పంపారు. తీర్పరికి పరుగు ఆనాటి నుండి మొదలయింది. ఆ తరువాత స్టాన్లీ రౌస్ అనే ఇంగ్లీషు రిఫరీ, మైదానంలో ఒక మూల నుండి ఎదుటి మూలకు ఏటవాలుగా తిరుగుతూ ఆట నడిపే పద్ధతిని స్థిరపరిచాడు. ఈయనే 1961 నుండి 1974 వరకు ఫిఫా అధ్యక్షుడు. లైన్స్‌మన్‌కు 1996లో అసిస్టెంట్ రిఫరీ అని పేరు మార్చారు.

పెద్ద పోటీల్లో రిఫరీ ఒక ఆటలో సుమారు 10 నుండి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అసిస్టెంటు తిరిగే దూరం దాదాపు అందులో సగమే. కాని ఆ పరుగు వేరు. కళ్ళు మైదానం మీదే ఉంచి పక్క అడుగులు వేయాలి, బంతి ముందుకు పోగానే ఉన్నపళంగా దౌడు తీయాలి. పిక్కకు, గజ్జకు, తొడ వెనుక కండకు అంతకంటే పరీక్ష లేదు.

ఇక మన సంగతి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ మద్రాసులో 1920లో హెచ్.సి. బక్ గారు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపించారు. దక్షిణాది బడులలో డ్రిల్లు వేళ్ళూనడానికి ఆ కళాశాల చేసిన సేవ పెద్దది. మా తరం డ్రిల్లు మాస్టర్లు వందలాది పిల్లలను వరుసల్లో నిలబెట్టి చేతులు, నడుము, మోకాళ్ళు కదిలించనిదే ఆటకు వదిలేవారు కారు. చిత్రమేమంటే, అదే మాస్టరు రిఫరీగా దిగితే తనకు మాత్రం ఆ కసరత్తు ఉండేది కాదు. ఈల, గడియారం, నాణెం ఉన్నాయో లేదో చూసుకోవడమే ఆయన సన్నాహం.

అందుకు కారణం బద్ధకం కాదు, వ్యవధి లేకపోవడం. ఒకసారి ఉదయగిరి వైపు నుండి ఆత్మకూరు వైపు ఒక పోటీకి మేము నలుగురం బస్సులో వెళ్ళాము. సీటు దొరకక నిలబడే ప్రయాణం. దిగేసరికి జట్లు వరుసలో ఉన్నాయి, సభ కూడా ముగిసింది. "మాస్టారూ, మీ కోసమే చూస్తున్నాం, కానివ్వండి" అన్నారు నిర్వాహకులు. లైన్స్‌మన్‌గా దిగిన నా సహోద్యోగికి అప్పటికి నలభై ఆరేళ్ళు. పావుగంట తిరక్కుండానే పిక్క పట్టేసి కూలబడ్డాడు. మారు మనిషి లేక కుంటుతూనే కొనసాగాడు. చివర్లో పడిన గోలు ఆఫ్‌సైడా కాదా అన్న చోటికి ఆయన చేరలేకపోయాడు. ఓడిన పిల్లలు ఏడ్చారు, పెద్దలు ఆయనను నానా మాటలన్నారు. ఆయన మళ్ళీ జెండా పట్టలేదు. మంచి తీర్పరి ఒకరు మన ప్రాంతానికి లేకుండా పోయారు.

దేహదారుఢ్యం విలువ తెలియని నేల కాదు మనది. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిరీత్యా మనవంటి ఉపాధ్యాయుడే. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆయన కుమారుడు ఎస్.ఎస్. హకీం గారు 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు, వైమానిక దళ అధికారి. తరువాత ఫిఫా రిఫరీ అయి, 1988లో కతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఈల పట్టారు. 2021లో పరమపదించారు. మన పొరుగు చెన్నైకి చెందిన కె. శంకర్ గారు 2002 ప్రపంచ కప్‌లో అసిస్టెంట్ రిఫరీగా పనిచేశారు.

రిఫరీ ఒంటిని కొలవడం క్రమంగా వచ్చింది. అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో ప్రచారంలోకి తెచ్చిన 12 నిమిషాల పరుగును చాలాకాలం రిఫరీలకు పరీక్షగా పెట్టారు. ఇప్పుడు 40 మీటర్ల దౌడు ఆరుసార్లు, ఆపై 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక మార్చి మార్చి 40 సార్లు. అసిస్టెంట్లకు పక్క అడుగుల పరీక్ష అదనం. సన్నాహ కసరత్తు విలువ కూడా లెక్కకు దొరికింది. ఫిఫా వైద్యులు రూపొందించిన 11 ప్లస్ అనే 20 నిమిషాల కసరత్తును నార్వేలో 13 నుండి 17 ఏళ్ళ క్రీడాకారిణుల చేత చేయించి చూస్తే, గాయాలు మూడో వంతు తగ్గినట్లు 2008లో తేలింది. ఆ తరువాత రిఫరీలకూ అటువంటిదే తయారయింది.

చేయవలసింది కష్టమేమీ కాదు. ముందు అయిదు నిమిషాలు మెల్లగా పరుగు - ముందుకు, వెనక్కు, పక్కలకు. ఆ తరువాత చీలమండ, మోకాలు, తుంటి తిప్పడం, కాళ్ళు ఊపడం, పెద్ద అంగలు. చివర 10, 20, 30 మీటర్ల దౌడులు, వేగం మెట్టుమెట్టుగా పెంచుతూ. అసిస్టెంటు పక్క అడుగుల నుండి ఒక్కసారిగా తిరిగి దౌడు తీయడం కూడా చేయాలి. మేము నేర్చుకొన్నట్లు కదలకుండా నిలిచి ఒక కండను నిమిషానికి పైగా సాగదీస్తే బలం కొంతసేపు తగ్గుతుందని ఇప్పటి శాస్త్రం చెబుతున్నది. కనుక సాగదీత కదలికతోనే ఉండాలి. విరామంలో ఒళ్ళు చల్లబడుతుంది. రెండో సగానికి ముందు రెండు మూడు నిమిషాలు మళ్ళీ కదలాలి. మన మెట్ట ప్రాంతపు ఎండల్లో ఇదంతా నీడ పట్టున, తక్కువసేపు, నీళ్ళు త్రాగుతూ చేయాలి.

పోటీలు జరిపే పెద్దలకు నాదొక్కటే విన్నపం. రిఫరీలను గంట ముందు రప్పించండి. పందిరికి, దండలకు పెట్టే శ్రద్ధలో కొంత వారి ఇరవై నిమిషాలకు పెట్టండి. మన పిల్లలు, మనుమలు ఎవరైనా ఈల పట్టినా ఈ మాట చెప్పండి. పిల్లవాడి గెలుపోటములు తేల్చే మనిషి ఆ తేల్చవలసిన చోటికి సకాలంలో చేరగలగాలి. న్యాయానికి కళ్ళు ఎంత అవసరమో కాళ్ళూ అంతే అవసరం.