పాటిదిబ్బలు కట్టినవారెవరు?

నేను నాగాయలంక వాస్తవ్యుడను; ముప్పదేండ్లకు పైగా బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. కృష్ణవేణి సముద్రమున గలియుచోటికి చేరువగా మనుచున్నవారము గనుక వఱదలను గుఱించియు, తుపానులను గుఱించియు మన కెవ్వరును చెప్పనక్కఱలేదు. కాని మన యూళ్ల ప్రక్కనే మెరకలై నిలిచియున్న పాటిదిబ్బలను గుఱించి మనకు తెలిసినది మిక్కిలి స్వల్పము. వానిని కట్టినవారెవరు? వారేమైరి? ఈ రెండు ప్రశ్నలకు నేడు సమాధానము చెప్పదలచితిని. అంతకు ముందు నా తప్పొకటి మీ యెదుట నొప్పుకొనవలసియున్నది.

నేనుద్యోగమున చేరిన తొలిదినములలో ఒక పల్లెటూరి బడికి ప్రహరీగోడ లేకుండెను. పశువులు లోనికి వచ్చి పూలమొక్కలను మేసిపోవుచుండెడివి. ఊరివెలుపల పాటిదిబ్బ యొకటి యుండెను. వేసవిలో రైతులు పాటిమన్ను బండ్ల కెత్తి పొలములకు తోలుకొనుచుండగా, మూరెడు పొడవుగల పెద్ద యిటుకలు బయటపడుచుండెను. వానిని పిల్లలచే మోయించి గోడ పెట్టించితిని. రూకైన ఖర్చులేకుండ పని జరిగినదని అందఱును నన్ను మెచ్చుకొనిరి. ఆ పిల్లలలో నొకడు ఇటుకను ఱొమ్మున కానించుకొని మోయుచు, “మాస్టారూ, ఇంతింత ఇటుకలు చేసినవాళ్లు రాక్షసులాండీ?” అని యడిగెను. నేను నవ్వి, “అయ్యుంటార్రా, తొందరగా నడువు” అంటిని. పండితుడ ననిపించుకొని అజ్ఞానమును పిల్లవానికి పాఠముగా చెప్పిన దినమది.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. సెలవు దినములలో ఘంటసాలకు పోయి చూచితిని. దానిని గుఱించి పెద్దలు వ్రాసినవి చదివితిని. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దమున గ్రీకు నావికు డొకడు తాను తిరిగిన రేవులను, అచ్చటి సరకులను గుఱించి గ్రంథము వ్రాసెను. దానిని ‘పెరిప్లస్’ అందురు. అందు మన తీరమునకు ‘మసాలియ’ యని పేరు. ఇచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయుదురని అతడు వ్రాసెను. రెండవ శతాబ్దపు టాలమీ యను భూగోళవేత్త దీనినే ‘మైసోలియ’ యనియు, నదిని ‘మైసోలస్’ అనియు, ఇందలి వర్తకపు రేవును ‘కంటకోస్సిల’ యనియు పేర్కొనెను. ఆ నది మన కృష్ణయనియు, ఆ రేవు మన ఘంటసాల యనియు చరిత్రకారుల నిర్ణయము.

గ్రీకుల మాట యటుండనిండు. మన రాళ్లే మాటలాడినవి. ఘంటసాలలో దొరకిన మూడవ శతాబ్దపు ప్రాకృత శాసనములలో శివకుడను ‘మహానావికుడు’ కనబడుచున్నాడు. నాగార్జునకొండ శాసనము కంటకసెలయందలి మహాచైత్యమును స్మరించుచున్నది. కృష్ణ కావలియొడ్డున భట్టిప్రోలులో 1892వ సంవత్సరమున అలెగ్జాండర్ రీ యను పురావస్తు శాఖవారు స్తూపమును త్రవ్వించి ధాతుకరండములను వెలికిదీసిరి. వానిపై క్రీస్తునకు పూర్వపు బ్రాహ్మీలిపిలో కుబీరకుడను రాజు పేరును, దానము చేసిన గోష్ఠివారి పేళ్లును చెక్కబడియున్నవి. ఊరివారు పదిమంది కూడి, తలకొంత వేసికొని, తమ పేళ్లు వ్రాయించుకొన్న ధర్మకార్య మది. మనము గుడి జీర్ణోద్ధారమునకు చందాలు వేసికొని గోడమీద పలక పెట్టించుట వేఱుగా నున్నదా? ఇవి రాక్షసుల పేళ్లు కావు. ఆనాటి శివకుడు మన యూళ్లలో శివయ్యయై నేటికిని తిరుగుచునే యున్నాడు.

ఇక ఆ గ్రీకు నావికుని గ్రంథముననే వర్ణింపబడిన వేఱొక తీరమునకు మిమ్ము తీసికొనిపోయెదను. మన మాటకు సాక్ష్య మచ్చట కలదు. అరేబియా దేశమున కెదుట, ఆఫ్రికాఖండము తూర్పునకు కొమ్మువలె పొడుచుకొనివచ్చిన చోట నేడు సోమాలీలు నివసించుచున్నారు. ఆ తీరపు రేవులనుండి ధూపద్రవ్యములును బోళమును ఓడల కెక్కుచుండెను. పశ్చిమ భారతమునుండి గోదుమలు, బియ్యము, నేయి, నువ్వులనూనె, నూలుబట్టలు, చెఱకు శర్కర అచ్చటికి పోవుచుండెను. గ్రీకువాడు ‘సక్కరి’ యని వ్రాసికొన్న మాట మన శర్కరయే.

ఆ తీరమునకు లోపలి భాగమున, నేటి ఇథియోపియా తూర్పుమండలమునందును ఉత్తర సోమాలియాయందును, హర్ల యను జనులు పూర్వ ముండిరి. పదునాలుగవ శతాబ్దపు ఇథియోపియా రాజచరిత్రలో వారి ప్రసక్తి కలదు. 1529 మొదలు 1543 వఱకు ఇమాం అహమ్మదు ఇథియోపియా రాజులతో చేసిన యుద్ధములలో సోమాలీలతోపాటు హర్లవారును పోరాడిరి. కాలక్రమమున వారు ప్రత్యేకజాతిగా కనబడకుండ పోయిరి. పాడువడిన గోడలును, సమాధులును మాత్రము మిగిలినవి. గోడలలోని పెద్దరాళ్లను చూచి అచ్చటి రైతులు, ఇవి మహాకాయులు కట్టినవనుకొనిరి. ఆ జనులు గర్వమున మిడిసిపడగా దైవము శిక్షించి నశింపజేసెనని ఐతిహ్యము. వినుచున్నారు గదా! మన మెట్టప్రాంతములలో పూర్వుల రాతిసమాధులను ‘రాకాసిగూళ్లు’ అనుట యిట్టిదే.

2015 మొదలు ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు టిమొతీ ఇన్సాల్, ఇథియోపియా పురావస్తు శాఖవారితో కలిసి, దిరె దవా పట్టణమునకు చేరువనున్న హర్ల గ్రామమున త్రవ్వకములు జరిపెను. 2017లో ఆ వివరములు లోకమునకు తెలిసినవి. పన్నెండవ శతాబ్దపు మసీదు, ఈజిప్టు నాణెములు, చీనాదేశపు పింగాణి పెంకులు, దూరసముద్రపు గవ్వలు, గాజుపూసలు అచ్చట బయటపడినవి. నగలును పూసలును చేసిన పనివారి కొట్లు కనబడినవి. వారి పనితనము భారతదేశపు రీతిని పోలియున్నదనియు, మన దేశముతో వర్తకము జరుగుటయో, ఇచ్చటి పనివారు అచ్చట కాపురముండుటయో కారణమైయుండుననియు త్రవ్వినవారు చెప్పిరి. మహాకాయుల కథ పొల్లయినది. మనవంటి మనుష్యులు, రాయి చెక్కి, పూస గ్రుచ్చి, సంతలో అమ్ముకొని బ్రతికిన చోటది.

మఱి వారేమైరి? సోమాలీలలో హర్ల యను పేరుగల తెగ నేటికిని కలదు. హరారీలు, అర్గొబ్బలు మొదలగు ఇరుగుపొరుగు జనులలోను వారి సంబంధములను పండితులు చూపుచున్నారు. అనగా నశించినది పేరు మాత్రమే. జనులు పొరుగువారితో కలిసి, కొత్త భాష మాటలాడుచు, కొత్త పేరుతో బ్రతుకుచున్నారు. తమ ముత్తాతలు కట్టిన గోడలనే చూచి, రాక్షసులు కట్టిరని పిల్లలకు కథ చెప్పుకొన్నారు.

మనమును అదియే చేసితిమి. కృష్ణ తెచ్చిన ఒండుమట్టితో నేల ముందునకు పెరిగినది, సముద్రము దూరమైనది, ఘంటసాల రేవు పోయినది. కాని మైసోలియ నేతపని పోలేదు. రేవు మచిలీపట్టణమునకు మారినది. 1611లో ఆంగ్లేయులు అచ్చట కోఠీ పెట్టినది మన బట్టల కొఱకే గదా! శాతవాహనులు, ఇక్ష్వాకులు, బృహత్ఫలాయనులు, శాలంకాయనులు వచ్చి పోయిరి. బౌద్ధము క్షీణించెను, చైత్యములకు దీపము పెట్టువారు కఱవైరి. దున్నువాడు, నేయువాడు, పడవ త్రోయువాడు మాత్రము ఈ మట్టినే అంటిపెట్టుకొని యుండిరి.

ఇది నమ్మశక్యము కాదనువారు 1977 నవంబరు 19వ తేదీని తలచుకొనుడు. ఆనాటి ఉప్పెనలో దివిసీమ పల్లెలు ఎన్ని తుడిచిపెట్టుకొనిపోయినవో మీ రెఱుగుదురు. మిగిలినవారు మరల గుడిసెలు వేసికొనిరి, నాట్లు వేసిరి. యాబదియేండ్లు నిండకముందే, ఫలానా మెరకమీద ఫలానా వారి యిండ్లుండెనని చెప్పగలవారు మన యూళ్లలో ఎందఱున్నారు? యాబదియేండ్లకే ఇంత మఱపైనచో, పదునెనిమిదివందల యేండ్లకు మహానావికుడు రాక్షసుడగుట వింతయా?

ఈ మఱపువలన కలిగిన నష్టము చిన్నది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కాలువల పనులకై భట్టిప్రోలు స్తూపపు చలువరాళ్లను పెఱికి వాడుకొనిరి. ఘంటసాల శిల్పములు చూడగోరువాడు పారిసు నగరపు గీమే ప్రదర్శనశాలకు పోవలసివచ్చినది. గుడివాడలోని పవిత్రమైన స్తూపపు దిబ్బకు మనవారు పెట్టిన పేరును నేనిచ్చట పలుకజాలను; పెద్దల కది తెలియును. హర్లవారికి గర్వము నంటగట్టినట్లే, మన పూర్వుల పుణ్యస్థలమునకు మనము నింద నంటగట్టితిమి. ఎవరిదో తెలియనిదానిని దూషించుట సులభము, పడగొట్టుట అంతకన్న సులభము.

కొన్ని యేండ్ల క్రిందట ఆ పల్లెకు పనిమీద పోయితిని. నేను పెట్టించిన గోడ వానలకు కూలి, ఇటుకలు చెదరి పడియుండెను. వానిలో నొకదానిపై మూడు గీట్లు కనబడినవి. పచ్చియిటుకమీద చేసినవాడు వ్రేళ్లతో గీచిన గుఱుతులవి. వంగి నా వ్రేళ్లు వానిలో నుంచితిని. సరిగా ఇమిడినవి. నా చేతికన్న పెద్దది కాదు, చిన్నది కాదు. ఆ పిల్లవానికి నేను చెప్పవలసిన సమాధానము ఆ యిటుకమీదనే యుండెను. అప్పుడు తిప్పి చూడనైతిని.

పెద్దలారా, మీ మాటకు ఊరిలో విలువ కలదు. పాటిమన్ను తోలుచుండగా వ్రాతగల రాయియో, పెద్ద యిటుకల వరుసయో కనబడినచో గునపము నాపించుడు, తహసీల్దారువారికి కబురంపుడు. భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపమును ప్రభుత్వమునకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టమే చెప్పుచున్నది. చట్టమునకు భయపడి కాదు, తాతల యిల్లని తలచి చేయుడు. మనుమలు దిబ్బను చూపి యడిగినచో, నావలె నవ్వి త్రోసిపుచ్చకుడు. “మనవాళ్లే కట్టినారు” అని చెప్పుడు. సెలవు.