బరువులెత్తిన తెలుగు ఆడబిడ్డ

మన రాయచూరు కోటగోడలో 1294 నాటి తెలుగు శాసనమున్న పెద్ద రాతిబండ కలదు. నలభై అడుగులకు మించిన ఆ బండను దున్నపోతులు బండిపై లాగుకొని వచ్చిన దృశ్యం కూడా అక్కడ చెక్కి ఉన్నది. బలాన్ని మెచ్చుకొనడం మనవారికి కొత్త గాదు. శ్రీకాకుళ సీమలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు గారిని కలియుగ భీముడని కొనియాడుకొన్నాము. అయితే బలం పురుషుల సొత్తేనన్న భావం చాలాకాలం మనలో ఉండిపోయినది.

ఆ భావాన్ని తుడిచివేసినది అదే సీమలో పెరిగిన కరణం మల్లేశ్వరి. 1975లో జన్మించిన ఆమె, ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారి వద్ద బరువులెత్తుట అభ్యసించినది. 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయినది. ఒలింపిక్సులో స్త్రీలకు ఈ పోటీని మొదటిసారిగా 2000లో, సిడ్నీలో పెట్టారు. 69 కిలోల తరగతిలో ఆమె 110, 130, వెరసి 240 కిలోలు ఎత్తినది. స్వర్ణం కోసం చివరి యత్నంలో 137.5 కిలోలకు సాహసించినది. ఆ బరువు నిలువలేదు. మొదటి ఇద్దరికీ ఆమెకూ తేడా రెండున్నర కిలోలే. కంచు పతకమైతేనేమి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమెయే!

వివాహానంతరం హర్యానాలోని యమునానగరంలో స్థిరపడి, అక్కడి పిల్లలకు శిక్షణ ఇచ్చుటకు పూనుకొన్నది. మనవలెనే పెరిగిన ఊరు విడిచినది గాని, నేర్చిన విద్యను విడువలేదు.

పొలాన నారుకట్టలు, ఇంట నీళ్ళబిందెలు మన ఆడవారే మోస్తున్నారు. ఆ బరువులకు అడ్డుచెప్పని మనం, వ్యాయామశాలకు పోతానన్న కుమార్తెకు అడ్డుచెప్పుట న్యాయమా? ఈ ఉగాదినాడు ఆలోచింతము.