లెక్క ఎవరు రాస్తారు?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, పోటీ పరీక్షలకి చదువుకుంటున్న అమ్మాయిల మధ్య కూర్చుని 'ప్రజాతీర్పు' నివేదిక చదివాను. ఏ కోటాలో ఎన్ని పోస్టులని వాళ్ళు లెక్క కట్టుకుంటున్నారు. నా చేతిలో ఉన్నదీ వాటాల చరిత్రే.

వ్యవసాయం మీద బతికే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని 'విజన్ 2020' అంటున్న రోజులవి. 2001 జూన్ చివర, జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామంలో ఒక పౌర జ్యూరీ కూర్చుంది. సన్న, చిన్నకారు రైతులే ఎక్కువ. మూడింట రెండు వంతులకి పైగా స్త్రీలు. వాళ్ళు సాక్షుల్ని ప్రశ్నించి, మమ్మల్ని భూమి నుంచి తప్పించొద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు అని తీర్పు చెప్పారు.

ఈ జ్యూరీకి ప్రాతినిధ్యం లేదని 2002లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయ సంస్థ అభ్యంతరం చెప్పింది. ఎప్పుడూ మాట దక్కనివాళ్ళ వైపు కావాలనే మొగ్గామని నిర్వాహకులు జవాబిచ్చారు.

ఇప్పుడు ఈ తగవుని గణితం తీరుస్తానంటోంది. పౌరసభల ఎంపికకి 2021లో 'నేచర్' పత్రిక ఒక పద్ధతి ప్రచురించింది. వస్తామన్నవాళ్ళ జాబితాలోంచి, స్త్రీలింతమంది, ఫలానా వయసువాళ్ళింతమంది అన్న కోటాలు తప్పకుండా కంప్యూటర్ లాటరీ తీస్తుంది. అందరికంటే తక్కువ అవకాశమున్న మనిషికి ఆ అవకాశాన్ని వీలైనంత పెంచుతుంది. మంచి పద్ధతే. కానీ పగలు కూలికి పోయి, రాత్రి పొయ్యి ముట్టించే మనిషి 'వస్తాను' అనే జాబితాలోకే రాదు కదా!

ఇంకో చిక్కుంది. 20 మందిలో 10 మంది స్త్రీలు, 5గురు దళితులు ఉండాలని రాశామనుకోండి. ఆ ఐదుగురూ మగవాళ్ళే అయినా లెక్క సరిపోతుంది. ఒక్క దళిత స్త్రీ లేకుండానే కమిటీ 'సమతూకం' అనిపించుకుంటుంది. యంత్రం తప్పేమీ చెయ్యలేదు. మనం అడగంది ఇవ్వలేదు, అంతే.

1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ దీన్ని ముందే పట్టుకుంది. పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీ సీట్లలోనే కనీసం మూడో వంతు ఆ వర్గాల స్త్రీలకని 243డి అధికరణం విడిగా చెప్పింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే వాళ్ళకి సీటు గ్యారంటీ లేదు.

అందుకే, కమిటీలో ఎవరున్నారని అడిగే ముందు, కోటాల పట్టిక రాసిన బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారని అడగడం మొదలుపెడదాం.